సైరంధ్రి విద్య

పాఠ్యభాగ ఉద్దేశం

వెండితెర మీద కనిపించే ప్రతి ముఖం వెనుక కనిపించని చేతులు కొన్ని ఉంటాయి. చలనచిత్రాలకు స్వతంత్రంగా పనిచేసే ముఖాలంకరణ, కేశాలంకరణ శిల్పుల వృత్తి స్వరూపాన్ని తెలపడం, ఆ వృత్తికి మన కావ్యాలలోను, నాట్యశాస్త్రంలోను ఉన్న మూలాలను పరిచయం చేయడం, ఆ వృత్తిలో ప్రవేశం కోసం స్త్రీలు సాగించిన న్యాయపోరాటాన్ని వివరించడం, శ్రమ పట్ల గౌరవభావాన్ని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

అజ్ఞాతవాసం కోసం విరాటనగరం చేరిన పాండవులు తమ తమ విద్యలకు తగిన వేషాలు ఎన్నుకొన్నారు. ధర్మరాజు కంకుభట్టు, భీముడు వలలుడు, అర్జునుడు బృహన్నల అయ్యారు. ద్రౌపది సైరంధ్రి అయింది. ఆమె రాణి సుదేష్ణ ముందు నిలిచి, కురులు దువ్వి రకరకాల ముడులు వేయడం, మైపూతలు నూరడం, పూలదండలు కట్టడం తనకు తెలిసిన విద్యలని చెప్పింది. పనిలో చేరే ముందే తన నియమాలను కూడా తెలిపింది. ఎంగిలి ముట్టననీ, ఒకరి పాదాలు కడగననీ స్పష్టం చేసింది. వ్యాసభారతంలోని ఈ కథను తిక్కన సోమయాజి తన విరాటపర్వంలో తెలుగువారికి అందించాడు. కీచకవధ ఘట్టం వల్ల సైరంధ్రి అనే పేరు అందరికీ తెలుసు. ఆ పేరు ఒక వృత్తికి కూడా పేరని మాత్రం చాలామందికి తెలియదు.

అమరకోశం సైరంధ్రి అనే పదానికి చెప్పిన అర్థం గమనించదగినది. పరుల ఇంట ఉంటూ, తన వశంలో తాను ఉండి, శిల్పకర్మతో జీవించే స్త్రీ సైరంధ్రి. ఈ నిర్వచనంలో మూడు అంశాలున్నాయి. పని చేసే చోటు ఇతరులది. విద్య తనది. నిర్ణయం కూడా తనదే. దాసి యజమానికి లోబడి ఉంటుంది. సైరంధ్రి మాత్రం స్వవశ. తన విద్యకు తానే యజమానురాలైన స్త్రీ స్వవశ. ఏ సంస్థలోను నెలజీతానికి కుదరకుండా, ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క ఒప్పందంతో పనిచేసే వారిని నేడు ఫ్రీలాన్స్ కళాకారులంటున్నాం. ఆ ఆంగ్లపదానికి మన నిఘంటువులో ఇంతకన్న దగ్గరి పదం దొరకడం కష్టం.

ఈ విద్యకు శాస్త్రగౌరవం కూడా ఉన్నది. భరతముని నాట్యశాస్త్రం చతుర్విధాభినయాలను చెప్పింది. అవి ఆంగికం, వాచికం, సాత్త్వికం, ఆహార్యం. మొదటి మూడూ నటుని శరీరం నుండి, కంఠం నుండి, మనస్సు నుండి పుడతాయి. నాలుగవదైన ఆహార్యాభినయం మాత్రం బయటి నుండి తెచ్చి చేర్చేది. ఆహార్యాన్ని మళ్లీ పుస్తం, అలంకారం, అంగరచన, సంజీవం అని నాలుగు విధాలుగా విభజించారు. పుస్తమంటే కొండలు, రథాలు మొదలైన వాటిని తయారుచేయడం. అలంకారమంటే పూలు, నగలు, వస్త్రాలు ధరింపజేయడం. సంజీవమంటే ప్రాణులను రంగస్థలం మీదికి తీసుకురావడం. శరీరానికి, ముఖానికి వర్ణాలు పూయడం అంగరచన. తెలుపు, నీలం, పసుపు, ఎరుపు అనే నలువర్ణాలను మూలంగా తీసుకొని, వాటి మిశ్రమాలతో తక్కిన వర్ణాలను సాధించుకోవాలని శాస్త్రం చెబుతుంది. పాత్ర ఏ దేశానిది, ఏ జాతిది, ఏ వయస్సుది అనే దానిని బట్టి వర్ణం నిర్ణయించాలి. రంగు ముఖానిది, రూపం పాత్రది. నేటి చలనచిత్ర రూపశిల్పులు మొదట నేర్చుకొనే పాఠం కూడా ఇదే.

తెలుగునాట వీథినాటకాలలోను, కూచిపూడి భాగవతంలోను నటులే తమ ముఖాలకు రంగులు వేసుకొనేవారు. ముఖానికి హరిదళం, కళ్లకు కాటుక, జడకు సవరం వారి సాధనాలు. స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. స్థానం నరసింహారావు (1902-1971) రంగస్థలం మీద సత్యభామగా కనిపించినప్పుడు, కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణ శర్మ (1935-2012) అదే పాత్రను నర్తించినప్పుడు, ప్రేక్షకులకు ఎదుట ఉన్నది పురుషుడన్న స్ఫురణ కలగలేదంటే అందులో వాచికాంగికాలతో పాటు ఆహార్యానికి కూడా భాగమున్నది.

చలనచిత్రం వచ్చిన తరువాత ఈ విద్యకు కొత్త పరీక్ష ఎదురయింది. రంగస్థల ప్రేక్షకుడు దూరం నుండి చూస్తాడు. కెమెరా మాత్రం చర్మం మీది సన్నని గీతను కూడా చూస్తుంది. పైగా కెమెరా చూపు మన చూపు వంటిది కాదు. మూకీల తొలికాలంలో వాడిన ఫిల్ముకు ఎరుపు రంగును గ్రహించే శక్తి లేదు. అందువల్ల పెదవులకు ఎర్రరంగు వేస్తే తెర మీద నల్లగా కనిపించేది. తరువాత అన్ని వర్ణాలనూ గ్రహించే ఫిల్ము వచ్చింది. దానికి తగిన పూతలు తయారయ్యాయి. మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) నాటి నుండి చాలాకాలం చిత్రాలు నలుపు తెలుపులలోనే వచ్చాయి. పూర్తి నిడివి తొలి తెలుగు రంగుల చిత్రం 'లవకుశ' (1963). నలుపు తెలుపుల చిత్రంలో వెలుగునీడల తేడా చూసుకొంటే సరిపోయేది. రంగుల చిత్రంలో చర్మం రంగు, దుస్తుల రంగు, దీపాల రంగు ఒకదానితో ఒకటి పొసగాలి. నేటి డిజిటల్ కెమెరాలు మరింత సూక్ష్మంగా చూస్తాయి కాబట్టి, పూత పూసినట్లు తెలియకుండా పూయడమే నైపుణ్యమైంది.

ఆ తరం రూపశిల్పులలో ఎం. పీతాంబరం ప్రసిద్ధుడు. ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ వంటి అగ్రనటులకు ఆయన మేకప్ చేశారు. 'మాయాబజార్' (1957) రూపశిల్పులలో ఆయన ఒకరు. తెలుగువారి ఊహలో శ్రీకృష్ణుని రూపం ఇప్పటికీ ఆ చిత్రంలోని రూపమే. నటుని పేరు అందరికీ తెలుసు. ఆ రూపాన్ని దిద్దిన చేతుల పేరు కొందరికే తెలుసు. తెరవెనుక వృత్తులన్నిటికీ ఉన్న లక్షణమే ఇది.

ఈ వృత్తిలో ఒక దినచర్య ఎలా ఉంటుందో చూద్దాం. ఉదయం తొమ్మిది గంటలకు కాల్‌షీట్ అంటే నటీనటులు ఏడు గంటలకే అలంకరణకు కూర్చోవాలి. వారికంటే ముందే రూపశిల్పి వచ్చి కుంచెలు, స్పాంజీలు, పూతలు, విగ్గులు సిద్ధం చేసుకోవాలి. కొత్త నటి అయితే పూతను ముందుగా మోచేతి లోపలి వైపు పూసి చర్మానికి పడుతుందో లేదో పరీక్షించాలి. ఒకరికి వాడిన కుంచెను శుభ్రం చేయకుండా మరొకరికి వాడరాదు. కంటి దగ్గర వాడే సాధనాల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఈ జాగ్రత్తలు తప్పితే చర్మవ్యాధులు, కంటి జబ్బులు ఒకరి నుండి ఒకరికి సోకుతాయి. అందువల్ల రూపశిల్పికి అందంతో పాటు ఆరోగ్యం కూడా బాధ్యతే. షాట్‌కూ షాట్‌కూ మధ్య చెమట అద్ది టచప్ చేస్తూ, ప్యాకప్ చెప్పిన తరువాత పూత తొలగించి, సామగ్రి శుభ్రం చేసుకొని బయలుదేరేసరికి అందరికంటే చివరి వ్యక్తి తానే అవుతుంది.

ఇందులో అతి క్లిష్టమైనది కంటిన్యుటీ. కథలోని దృశ్యాలను వరుసగా చిత్రీకరించరు. కథానాయిక వానలో జారిపడి నుదుటికి గాయమైందనుకుందాం. పడిన దృశ్యాన్ని హైదరాబాదులో తీసి, లేచి నడిచే దృశ్యాన్ని మూడు వారాల తరువాత అరకులో తీయవచ్చు. తెర మీద ఆ రెండింటి మధ్య ఒక్క క్షణమే ఉంటుంది. గాయం అదే చోట, అదే పొడవున ఉండాలి. రక్తం అంతే తడిగా ఉండాలి. చెంపకు అంటుకొన్న వెంట్రుకలు కూడా అన్నే ఉండాలి. ఇందుకోసం రూపశిల్పి ప్రతి దృశ్యానికి అన్ని వైపుల నుండి ఛాయాచిత్రాలు తీసి, వాడిన రంగుల వివరాలు పుస్తకంలో రాసుకొంటుంది. ఒకే రోజున ఉదయం వృద్ధురాలిగా, సాయంత్రం కన్యగా ఒకే నటిని చూపవలసి వచ్చినప్పుడు ఆ పుస్తకమే ఆధారం.

కేశాలంకరణ కూడా కథ చెబుతుంది. మన పూర్వులు ధమ్మిల్లం, వేణి, కబరి అని కేశబంధాలకు ఎన్నో పేర్లు పెట్టారు. భట్టనారాయణుడు తన నాటకానికి ద్రౌపది కురులు ముడవడాన్నే పేరుగా ఎంచి 'వేణీసంహారం' అన్నాడు. పాపట తీసిన తీరు, జడ అల్లిన బిగువు, చెవి పక్క విడిచిన ముంగురులు పాత్ర కాలాన్ని, ఊరిని, మనఃస్థితిని సూచిస్తాయి. పెళ్లికూతురి పూలజడకు, పొలం పనికి వెళ్లే స్త్రీ బిగించి చుట్టిన కొప్పుకు తేడా తెలిసినంత మాత్రాన చాలదు. మధ్యాహ్నం ఎండలో పనిచేసిన తరువాత ఆ కొప్పు ఏ వైపుకు జారుతుందో కూడా తెలియాలి. దానికి లోకాన్ని పరిశీలించడమే మార్గం.

ముఖం ఆకృతినే మార్చవలసి వచ్చినప్పుడు కృత్రిమ అవయవ రచన అవసరమవుతుంది. దీనిని ప్రోస్థెటిక్ మేకప్ అంటారు. ముందుగా నటుని ముఖానికి అచ్చు తీస్తారు. ఆ అచ్చు మీద బంకమట్టితో కావలసిన రూపాన్ని మలుస్తారు. దాని నుండి సిలికాన్‌తో గాని, రబ్బరు నురుగుతో గాని పలుచని తొడుగులు పోస్తారు. వాటిని ముఖానికి అతికించి, అంచులు కనిపించకుండా రంగు కలుపుతారు. గంటల తరబడి సాగే ఈ పనిలో శిల్పికి, నటునికి కూడా ఓర్పు కావాలి. 2018లో వచ్చిన 'అ!' అనే తెలుగు చిత్రానికి రంజిత్ ఉత్తమ మేకప్ కళాకారునిగా జాతీయ పురస్కారం అందుకొన్నారు.

ఇక స్వతంత్ర వృత్తిలోని కష్టసుఖాలు. చిత్రం ఉన్నన్నాళ్లు రోజుకూలి, బేటా లభిస్తాయి. చిత్రానికి చిత్రానికి మధ్య కొన్ని వారాలో, నెలలో పని ఉండకపోవచ్చు. సామగ్రి సొంత ఖర్చుతో కొనాలి. గడువు తీరిన పూతలను పారవేసి కొత్తవి తెచ్చుకోవాలి. సెలవు పెడితే ఆదాయం లేదు. జబ్బు చేస్తే చూసుకొనే సంస్థ లేదు. కాబట్టి ఈ వృత్తిలోకి వచ్చేవారు కుంచె పట్టడంతో పాటు ఒప్పందాన్ని కాగితం మీద రాయించుకోవడం, పనిచేసిన రోజులు, రావలసిన బాకీలు లెక్క రాసుకోవడం, పని ఉన్న నెలలలో లేని నెలలకు దాచుకోవడం నేర్చుకోవాలి. ఒంటరి శిల్పికి బేరమాడే శక్తి తక్కువ. అందుకే 24 విభాగాలుగా చెప్పే చలనచిత్ర వృత్తులవారు సంఘాలుగా ఏర్పడ్డారు. 2025 ఆగస్టులో 30 శాతం వేతనాల పెంపు కోరుతూ తెలుగు చలనచిత్ర కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. సంఘం లేని పక్షంలో అటువంటి కోరికను ఒక్కొక్కరు విడివిడిగా వినిపించడం అసాధ్యం.

అయితే రక్షణ కల్పించవలసిన సంఘమే తలుపు మూసివేస్తే ఏమి చేయాలి? ముంబైలో అదే జరిగింది. స్త్రీ పాత్రను పురుషుడు ధరించిన కాలం పోయింది. స్త్రీ ముఖానికి పురుషుడే రంగు వేయాలనే నియమం మాత్రం అక్కడ నిలిచిపోయింది. ముంబైలోని చలనచిత్ర మేకప్ కళాకారుల, కేశాలంకరణకర్తల సంఘం స్త్రీలకు కేశాలంకరణ సభ్యత్వం మాత్రమే ఇచ్చేది. మేకప్ సభ్యత్వం పురుషులకే పరిమితం. సభ్యత్వం లేనివారు చిత్రీకరణలో పనిచేయడానికి వీలులేదు. దాదాపు ఆరు దశాబ్దాల పాటు ఈ కట్టుబాటు సాగింది. చారు ఖురానా అనే యువతి అమెరికాలోని కాలిఫోర్నియాలో చలనచిత్ర మేకప్ విద్య అభ్యసించి వచ్చింది. మేకప్ కళాకారిణిగా సభ్యత్వం కోరింది. సంఘం నిరాకరించింది. స్త్రీ పురుషులిద్దరికీ ఉపాధి దక్కాలన్న ఉద్దేశంతోనే స్త్రీలకు మేకప్ కార్డు ఇవ్వడం లేదని వాదించింది. స్త్రీకి అర్హత లేదని ఆ వాదనలో ఎక్కడా లేదు. ఆమెకు అవకాశమిస్తే పురుషుల పని తగ్గుతుందన్న భయమే దాని ఆంతర్యం.

చారు ఖురానా, మరికొందరు మహిళలు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 2014 నవంబరు 10న జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ ఉదయ్ ఉమేశ్ లలిత్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది. స్త్రీలకు మేకప్ సభ్యత్వాన్ని నిరాకరించే నిబంధనను, మహారాష్ట్రలో ఐదేళ్ల నివాసం ఉండాలన్న నిబంధనను కొట్టివేసింది. రాజ్యాంగంలోని 14వ అధికరణం సమానత్వాన్ని, 19వ అధికరణం ఇష్టమైన వృత్తిని చేపట్టే స్వేచ్ఛను, 21వ అధికరణం గౌరవంతో జీవించే హక్కును ఇస్తున్నాయి. చట్టం కింద నమోదైన సంఘం ఈ హక్కులకు విరుద్ధమైన నియమాలు చేసుకోరాదని అత్యున్నత న్యాయస్థానం స్పష్టం చేసింది. అర్జీదారులను నాలుగు వారాలలోగా సభ్యులుగా నమోదు చేయించాలని ఆదేశించింది. ప్రతిభకు కొలమానం చేతి నైపుణ్యమే గాని లింగభేదం కాదని ఈ తీర్పు వల్ల తేటతెల్లమైంది.

తలుపు తెరుచుకొన్నంత మాత్రాన లోపల అంతా సవ్యంగా ఉంటుందని చెప్పలేం. సైరంధ్రి కథే ఇందుకు నిదర్శనం. ఆమె తన నియమాలను ముందే చెప్పింది. రాణి అంగీకరించింది. అయినా కీచకుని కోరికకు తలొగ్గి, మద్యం తెమ్మనే నెపంతో ఆ రాణియే ఆమెను అతని ఇంటికి పంపింది. నిండుసభలో అవమానం జరిగినప్పుడు రాజు న్యాయం చేయలేకపోయాడు. విద్య ఉన్నా, నియమం ఉన్నా, పనిచేసే చోట రక్షణ లేకపోతే స్వవశత్వం నిలవదని ఆ కథ చెబుతుంది. మలయాళ చిత్రరంగంలో స్త్రీల స్థితిగతులను పరిశీలించడానికి కేరళ ప్రభుత్వం 2017లో జస్టిస్ హేమ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. 2024 ఆగస్టులో వెలువడిన ఆ నివేదిక, చిత్రీకరణ స్థలాలలో మహిళలకు మరుగుదొడ్లు, దుస్తులు మార్చుకొనే గదులు కూడా లేకపోవడాన్ని, రాతపూర్వకమైన ఒప్పందాలు కొరవడటాన్ని, లైంగిక వేధింపులను ఎత్తిచూపింది. తెల్లవారకముందే వచ్చి, అందరూ వెళ్లిన తరువాత బయలుదేరే రూపశిల్పులకు ఇవి నిత్యసమస్యలు.

అందువల్ల ఈ వృత్తిని జీవనోపాధిగా ఎంచుకోదలచిన విద్యార్థులు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది విద్య. దానిని శిక్షణాలయంలో కొంత, అనుభవజ్ఞులైన శిల్పుల వద్ద సహాయకులుగా కొంత నేర్వవలసి ఉంటుంది. రెండవది నియమం. ఏ పని చేస్తామో, ఏది చేయమో, ఎంత ప్రతిఫలం తీసుకొంటామో ముందే చెప్పగలగాలి. మూడవది హక్కు. అది చట్టంలో ఉన్నదని తెలిసి ఉండాలి, అవసరమైనప్పుడు అడగాలి. సైరంధ్రికి మొదటి రెండూ ఉన్నాయి. మూడవదానికోసం ఆమె రాత్రివేళ వంటశాలకు వెళ్లి భీముని నిద్రలేపవలసి వచ్చింది. నేటి శిల్పకారిణికి ఆ అవసరం లేకుండా న్యాయస్థానమున్నది, సంఘమున్నది. అవి సక్రమంగా పనిచేసేటట్లు చూడడం ఆ వృత్తిలో ఉన్నవారందరి బాధ్యత.

కఠిన పదాలకు అర్థాలు

ఆహార్యం = వేషభూషలు, రంగులు మొదలైన వాటితో చేసే అభినయం
అంగరచన = శరీరానికి రంగులు పూసి రూపం దిద్దడం
స్వవశ = తన అధీనంలో తాను ఉన్న స్త్రీ
శిల్పకారిణి = చేతిపని విద్యతో జీవించే స్త్రీ
హరిదళం = పసుపుపచ్చని రంగునిచ్చే ఒక ఖనిజం
సవరం = జడకు చేర్చి అల్లే కృత్రిమ కేశాలు
ధమ్మిల్లం = కొప్పు
ముంగురులు = నుదుటి మీద పడే వెంట్రుకలు
బేటా = కూలికి అదనంగా రోజువారీ ఖర్చులకు ఇచ్చే సొమ్ము
కట్టుబాటు = నియమం, ఆచారం
ఆంతర్యం = లోపలి ఉద్దేశం
నెపం = సాకు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చలనచిత్ర రూపశిల్పి వృత్తిలోని నైపుణ్యాలను, బాధ్యతలను వివరించండి.
2. మేకప్ వృత్తిలో ప్రవేశానికి స్త్రీలు చేసిన న్యాయపోరాటాన్ని, 2014 నాటి తీర్పు ప్రాముఖ్యాన్ని తెలపండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. అమరకోశం ప్రకారం సైరంధ్రి అంటే ఎవరు? ఆ అర్థం నేటి స్వతంత్ర కళాకారులకు ఎలా వర్తిస్తుంది?
2. ఆహార్యంలోని నాలుగు విధాలను పేర్కొనండి.
3. కంటిన్యుటీ అంటే ఏమిటి? దానిని రూపశిల్పి ఎలా కాపాడుతుంది?
4. స్వతంత్ర వృత్తిలోని ఇబ్బందులేవి? వాటిని తట్టుకొనే మార్గాలేవి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ద్రౌపది ఏ రాణి వద్ద సైరంధ్రిగా చేరింది?
2. అంగరచనకు మూలమైన నలువర్ణాలు ఏవి?
3. పూర్తి నిడివి తొలి తెలుగు రంగుల చిత్రం ఏది?
4. 'వేణీసంహారం' నాటక కర్త ఎవరు?
5. 'అ!' చిత్రానికి జాతీయ పురస్కారం అందుకొన్న రూపశిల్పి ఎవరు?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు
1. రంగు ముఖానిది, రూపం పాత్రది.
2. తన విద్యకు తానే యజమానురాలైన స్త్రీ స్వవశ.
3. స్త్రీకి అర్హత లేదని ఆ వాదనలో ఎక్కడా లేదు.

V. సంధులు
1. ఆహార్యాభినయం = ఆహార్య + అభినయం - సవర్ణదీర్ఘ సంధి
2. జీవనోపాధి = జీవన + ఉపాధి - గుణ సంధి
3. అత్యున్నత = అతి + ఉన్నత - యణాదేశ సంధి

VI. సమాసాలు
1. నలువర్ణాలు - నాలుగైన వర్ణాలు - ద్విగు సమాసం
2. కష్టసుఖాలు - కష్టమును, సుఖమును - ద్వంద్వ సమాసం
3. న్యాయస్థానం - న్యాయము యొక్క స్థానం - షష్ఠీ తత్పురుష సమాసం

VII. భాషా కృత్యం
మీ ఊరిలో నాటకాలకు, నృత్యాలకు, పెళ్లిళ్లకు అలంకరణ చేసే ఒకరిని కలిసి, వారి పనిముట్ల పేర్లు, వారు వాడే వృత్తిపదాలు సేకరించి, ఒక్కొక్క పదాన్ని సొంతవాక్యంలో ప్రయోగించండి.